ఆలివ్ మిల్లు నల్లనీళ్లు: రెండుసార్లు ఆగిపోయిన డైజెస్టర్‌ను మళ్లీ నడిపించిన వైనం

నన్ను అక్కడికి పిలిచింది బూజు ట్యాంకు డిజైన్ చేయడానికి. మధ్యధరా ప్రాంతంలోని ఒక ఆలివ్ నూనె మిల్లు అది. వాళ్ల వాయురహిత డైజెస్టర్, అంటే గాలి తగలని ట్యాంకులో బ్యాక్టీరియాతో వ్యర్థాన్ని మీథేన్ గ్యాస్‌గా మార్చేది, వరుసగా రెండు సీజన్లు మొదట్లోనే చచ్చిపోయింది. ఆలివ్ కాయలో ఉండే, బ్యాక్టీరియాకు పడని ఫినాల్స్ అనే రసాయనాల వల్లే బ్యాక్టీరియా చనిపోతోందని, ముందుగా బూజు జాతులతో ఫినాల్స్‌ను తినిపిస్తే తప్ప ఆ ట్యాంకు నడవదని వాళ్లకు ఎవరో గట్టిగా చెప్పారు. ఆలివ్ వ్యర్థజలం గురించి చదివిన ఎవరికైనా మొదట తట్టేది ఫినాల్సే కాబట్టి నేనూ అది నిజమే అనుకుని వెళ్లాను. కానీ లాగ్‌బుక్ తిరగేస్తుంటే ఒక సంగతి పొసగలేదు. మొదటి సీజన్లో మూడు వారాల పాటు గ్యాస్ బాగా వచ్చింది. ఆ మూడు వారాల్లో లోపలికి వెళ్లిన నీళ్లలోనూ ఫినాల్స్ అంతే ఉన్నాయి. మరి నాలుగో వారంలో ఏమైంది?

ఆ ప్రశ్నకు జవాబు వెతికిన తీరు, తర్వాత ప్లాంటులో చేసిన మార్పులు, ఇప్పటికీ తేలనివి ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఆ నీళ్లేమిటి

ఆలివ్ కాయను నూరి, ఆ ముద్దను కలియబెట్టి, డికాంటర్ అనే పెద్ద అడ్డ సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే నూనె, పిప్పి, నీళ్లు వేరవుతాయి. ఇలా మూడింటినీ విడివిడిగా తీసేదాన్ని త్రీ ఫేజ్ పద్ధతి అంటారు. ముద్ద పలచబడటానికి వేడినీళ్లు కలుపుతారు కాబట్టి టన్ను కాయకు దాదాపు 1 ఘనపు మీటరు వ్యర్థజలం వస్తుంది. కాయలోని సొంత నీరు, కలిపిన నీరు, కడిగిన నీరు అన్నీ కలిసి నల్లగా, ఘాటైన వాసనతో బయటికి వస్తాయి. స్పెయిన్‌లో దీన్ని అల్పెచిన్ అంటారు, గ్రీసులో కట్సిగరోస్ అంటారు. టర్కీలో కరసు, అంటే నల్లనీళ్లు అనే అర్థం.

1990ల మొదట్లో స్పెయిన్ పెద్దఎత్తున టూ ఫేజ్ డికాంటర్లకు మారింది. నీళ్లు కలపడం బాగా తగ్గించి, మిగిలిన నీటిని పిప్పితోనే బయటికి పంపేస్తారు. దాంతో నల్లనీళ్ల సమస్య తగ్గింది గానీ, టన్ను కాయకు 800 కిలోల దాకా తడి పిప్పి వచ్చిపడుతుంది. అందులో 60 శాతం పైనే నీరు. కాలుష్యం పోలేదు, రూపం మారింది. మా మిల్లు యజమానికి డికాంటర్ మార్చే ఆలోచన లేదు, తడి పిప్పిని కొనే ఫ్యాక్టరీ కూడా దగ్గర్లో లేదు. కాబట్టి నీళ్లనే శుద్ధి చేయాలి.

సీజన్లో ఈ మిల్లు రోజుకు 40 టన్నుల కాయ ఆడిస్తుంది, 42 ఘనపు మీటర్ల నీళ్లు వదులుతుంది. సీఓడీ, అంటే నీటిలోని మలినం ఆక్సీకరణ చెందడానికి కావాల్సిన ఆక్సిజన్, లీటరుకు 60 నుంచి 110 గ్రాముల మధ్య ఊగుతుంది, సగటు 80. పీహెచ్ 5 దగ్గర. ఫినాల్స్ 4 గ్రాములు. మొత్తం నత్రజని 0.6 గ్రాములే. పొటాషియం మాత్రం దండిగా ఉంది. మనిషికి రోజుకు 120 గ్రాముల సీఓడీ చొప్పున లెక్కేస్తే, ఈ ఒక్క మిల్లు రోజువారీ భారం 28 వేల మంది ఊరి మురుగుతో సమానం. అదీ ఏడాదిలో 90 రోజులే. మిగతా తొమ్మిది నెలలు సున్నా. ఏ బ్యాక్టీరియా సమూహమూ ఇలాంటి జీవితానికి అలవాటు పడదు. నా దృష్టిలో ఈ వ్యర్థజలంలో ఫినాల్స్ కన్నా కష్టమైనది ఈ క్యాలెండర్.

ట్యాంకు పరిస్థితి

350 ఘనపు మీటర్ల కలియబెట్టే డైజెస్టర్, 36 డిగ్రీల దగ్గర నడపాలి. సీజన్లో రోజుకు 15 ఘనపు మీటర్లు ఇందులోకి, మిగతాది పక్కనున్న, ఎండకు నీళ్లు ఆవిరయ్యేందుకు తవ్విన ఆవిరి కుంటలోకి. లోడు లెక్కేస్తే ఘనపు మీటరుకు రోజుకు 3.4 కిలోల సీఓడీ. నీళ్లు లోపల ఉండే కాలం 23 రోజులు. కాగితం మీద ఇది భయపడాల్సిన లోడు కాదు. అందుకే ఇంతకుముందు చూసినవాళ్లు లోడును వదిలేసి విషం కోసం వెతికారు.

నేను వెళ్లేసరికి పీహెచ్ 5.6కు పడిపోయి ఉంది. ఆవిరయ్యే కొవ్వు ఆమ్లాలు, అంటే ఎసిటిక్, ప్రొపియోనిక్ లాంటివి, లీటరుకు 9 గ్రాములు. అమోనియా నత్రజని 40 మిల్లీగ్రాములు మాత్రమే. మూత తీసి చూస్తే పైన మూరెడు మందాన తెట్టు. చేత్తో తీసి రుద్దితే సబ్బులా జారుతూ, తెల్లటి ఉండలు ఉండలుగా ఉంది. ఆ ఉండలు చూశాకే నాకు బూజు ట్యాంకు మీద నమ్మకం సడలింది.

మిల్లు ఫోర్‌మన్‌ను అడిగాను: నాలుగో వారంలో ప్రత్యేకంగా ఏమైనా జరిగిందా అని. ఆయన దాచుకోకుండా చెప్పాడు. కాయ ఒక్కసారిగా ఎక్కువ వచ్చిపడిందట. డికాంటర్ నుంచి వచ్చే నీటిని మరోసారి తిప్పి మిగిలిన నూనెను రాబట్టే నిలువు సెంట్రిఫ్యూజ్ ఆ వేగాన్ని అందుకోలేకపోతే, దాన్ని పక్కకు తప్పించి నీళ్లు నేరుగా వదిలేశారట. రెండో సీజన్లోనూ అదే జరిగింది, కాకపోతే ఇంకా ముందుగా. పని ఒత్తిడిలో ఉన్నవాళ్లకు అది తప్పనిపించదు. పోయేది కాస్త నాసిరకం నూనే కదా అనుకుంటారు. కానీ ఆ రోజుల్లో నీటిలో నూనె లీటరుకు 2 గ్రాముల నుంచి 9 గ్రాములకు పెరిగింది.

ఐదు సీసాల పరీక్ష

అనుమానం ఎంత బలంగా ఉన్నా దాని మీద ఆధారపడి ఒకరి డబ్బు ఖర్చు పెట్టించకూడదు. దగ్గరి పట్టణంలోని మురుగు శుద్ధి కేంద్రం నుంచి ఆరోగ్యంగా ఉన్న డైజెస్టర్ స్లడ్జ్ (బ్యాక్టీరియా నిండిన బురద) తెప్పించి, అర లీటరు సీసాలు ఐదు నింపాను. 36 డిగ్రీల నీటి తొట్టెలో 30 రోజులు ఉంచి, రోజూ గ్యాస్ కొలిచాను.

మొదటి దానిలో స్లడ్జ్‌కు తేలిగ్గా అరిగే అసిటేట్ మాత్రమే ఇచ్చాను, స్లడ్జ్ బతికే ఉందని తెలియడానికి. రెండోది మిల్లు నీళ్లు ఉన్నవి ఉన్నట్టుగా. మూడోది నూనె తీసేసిన మిల్లు నీళ్లు. నాలుగోది నూనె తీసి, నత్రజని కోసం యూరియా, ఆమ్లాన్ని తట్టుకోవడానికి సోడియం బైకార్బనేట్ కలిపిన నీళ్లు. ఐదోదానిలో మిల్లు నీళ్లే లేవు, రెండో సీసాలో ఎంత నూనె ఉందో అంత నూనె మాత్రమే.

రెండో సీసా నాలుగో రోజుకల్లా మౌనం వహించింది. మూడోది బాగానే మొదలై, పదో రోజుకు ఆమ్లం పేరుకుని మందగించింది. నాలుగోది ఆగకుండా నడిచి, 30 రోజులకు సిద్ధాంతం ప్రకారం రావాల్సిన మీథేన్‌లో 70 శాతం దాకా ఇచ్చింది. నేను ఎక్కువగా ఎదురుచూసింది ఐదోదాని కోసం. 17 రోజులు ఒక్క బుడగ లేదు. చచ్చిందేమో అనుకుంటుండగా 18వ రోజు మొదలైంది, ఆ తర్వాత ఆగలేదు.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. రెండు, మూడు, నాలుగు సీసాల్లో ఫినాల్స్ దాదాపు సమానం. ఎందుకంటే కాయలోని ఫినాల్స్‌లో నూనెలోకి వెళ్లేది ఒకటి రెండు శాతమే, మిగతావి నీటిలోనూ పిప్పిలోనూ ఉండిపోతాయి. నూనె తీసినంత మాత్రాన ఫినాల్స్ తగ్గవు. అయినా నాలుగో సీసా నడిచింది. అంటే ఈ మోతాదులో ట్యాంకును ఆపింది ఫినాల్స్ కాదు. అవి హాని చేయవని నేను అనడం లేదు. మిల్లు నీళ్ల మోతాదు రెట్టింపు చేసి మళ్లీ పెట్టిన సీసాలో నూనె లేకపోయినా గ్యాస్ బాగా ఆలస్యమైంది. అక్కడ ఫినాల్స్ పట్టు కనిపించింది. కానీ వాటి వంతు వచ్చేలోపే నూనె ట్యాంకును పడగొట్టేస్తోంది.

నూనె ఎందుకు అంత పని చేస్తుందంటే, ఎంజైములు దాన్ని గ్లిజరాల్‌గా, ఒలీక్ ఆమ్లం లాంటి పొడవైన కొవ్వు ఆమ్లాలుగా గబగబా విడగొడతాయి. ఆ కొవ్వు ఆమ్లాలు బ్యాక్టీరియా ఒంటికి పూతలా అంటుకుంటాయి. తిండి లోపలికి, గ్యాస్ బయటికి పోవడం కష్టమవుతుంది. పైగా జిడ్డు పట్టిన స్లడ్జ్ తేలికై పైకి తేలిపోతుంది, నేను చూసిన తెట్టు అదే. ఆ ఆమ్లాలను ముక్కలు చేసే బ్యాక్టీరియా నెమ్మదైనది, అది విడిచే హైడ్రోజన్‌ను మీథేన్ చేసే సూక్ష్మజీవులు వెంటవెంటనే తీసేసుకుంటే తప్ప పని సాగించలేదు. ఒకరు ఆగితే ఇద్దరూ ఆగుతారు. ఊరట ఏమిటంటే ఇది శాశ్వత విషం కాదు. మేత ఆపితే, అంటుకున్న కొవ్వు మెల్లగా మీథేన్‌గా మారిపోతుంది. నిజానికి ఒక గ్రాము నూనె దాదాపు ఒక లీటరు మీథేన్ ఇవ్వగలదు, అంత మంచి మేత ఇంకోటి లేదు. అరిగేంత మేరకే వేయాలి.

నత్రజని సంగతి కూడా సీసాలే చెప్పాయి. సీఓడీ, నత్రజని, భాస్వరం 350:7:1 అనే నిష్పత్తిని పట్టుకుంటే రోజుకు 24 కిలోల నత్రజని కావాలి. మిల్లు నీటితో వెళ్లింది 9 కిలోలు. బ్యాక్టీరియా పెరగడానికి సరుకు లేదు, వచ్చిన ఆమ్లాన్ని మోయడానికి ఆల్కలినిటీ లేదు.

ఏం మార్చాం

మొదటి మార్పు మిల్లులోనే. నిలువు సెంట్రిఫ్యూజ్‌ను తప్పించకూడదని నియమం పెట్టాం, అది ఆగితే డికాంటర్ వేగం తగ్గించాలి. దాని తర్వాత ఒక రోజు నీళ్లు నిలిచే తెట్టు తొట్టె కట్టాం. పైన తేలిన నూనెను రేకుతో తీస్తాం, కింద దిగిన గుజ్జు, గింజ ముక్కలు పిప్పిలోకి పోతాయి. పంపుల ఇంపెల్లర్లను అరగదీసే ఆ గింజ ముక్కల వల్ల పడ్డ బాధలు వేరే చెప్పక్కర్లేదు.

రెండోది క్యాలెండర్ మార్చడం. 3,200 ఘనపు మీటర్ల ఆవిరి కుంటకు కొత్త హెచ్‌డీపీఈ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) షీటు పరిచి, పైన తేలే కవరు వేశాం. సీజన్లో వచ్చే 3,800 ఘనపు మీటర్ల నీళ్లను 330 రోజులకు పరిచి, రోజుకు 11.5 చొప్పున డైజెస్టర్‌కు పంపుతాం. కుంటలో అత్యధికంగా నిలిచేది సుమారు 2,770 ఘనపు మీటర్లు, కాబట్టి చోటు సరిపోయింది. యజమాని కవరు ఖర్చు దండగ అన్నాడు, వాసనతో సర్దుకుంటామన్నాడు. నేను పట్టుబట్టింది వాసన కోసం కాదు. గాలి తగిలితే చిన్న ఫినాల్స్ ఒకదానికొకటి అతుక్కుని పెద్ద నల్లటి అణువులవుతాయి. చిన్నవాటిని బ్యాక్టీరియా తినగలదు, అతుక్కున్నవాటిని ముట్టదు. కుంటను తెరిచి ఉంచితే నిల్వ చేసిన ప్రతి నెలా శుద్ధి మరింత కష్టమవుతుంది.

మూడోది పశువుల పేడ స్లర్రీ, రోజుకు 4 ఘనపు మీటర్లు. నత్రజని, ఆల్కలినిటీ, కొత్త బ్యాక్టీరియా, మూడూ ఒకే ట్యాంకర్‌లో వచ్చాయి. కోళ్ల ఎరువులో నత్రజని ఇంకా ఎక్కువే గానీ, ఇసుక, అమోనియా రెండూ తలనొప్పి అని వద్దన్నాను. సున్నంతో పీహెచ్ పెంచే పాత అలవాటు కూడా మాన్పించాం. సున్నం ఫినాల్స్‌ను కొంత కిందికి దించుతుంది, కానీ దానితో వచ్చే మడ్డి ఎక్కడ వేయాలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఇక మేత వేసే తీరు. ఇంతకుముందు పగటి షిఫ్టులో మూడు గంటల్లో 15 ఘనపు మీటర్లు తోసేసేవారు. ఇప్పుడు టైమర్ పెట్టి గంటకోసారి, రోజంతా. ఈ ఒక్క మార్పుకు అయిన ఖర్చు చాలా తక్కువ, ఫలితం మాత్రం చాలా ఎక్కువ.

మొదలుపెట్టడం

సగం ట్యాంకు ఖాళీ చేసి, 120 ఘనపు మీటర్ల మురుగు స్లడ్జ్, దాని మీద పేడ స్లర్రీ నింపి వారం పాటు వేడి చేస్తూ వదిలేశాం. తర్వాత ఘనపు మీటరుకు అర కిలో సీఓడీతో మొదలు. ప్రతి పది రోజులకు పావు కిలో పైచిలుకు పెంపు. పెంచాలా వద్దా అన్నది నా మాట కాదు, కొలతది: కొవ్వు ఆమ్లాలకు, ఆల్కలినిటీకి మధ్య నిష్పత్తి 0.3 లోపు ఉంటే పెంచు, 0.3 నుంచి 0.4 ఉంటే అక్కడే ఉండు, దాటితే సగానికి తగ్గించు. పీహెచ్ మీటరును మాత్రమే చూసుకునేవాళ్లకు ఒక మాట. పీహెచ్ పడిపోయినట్టు కనిపించేసరికి ఆల్కలినిటీ అయిపోయి ఉంటుంది. నిష్పత్తి వారం ముందే చెబుతుంది, దానికి కావాల్సింది ఒక బ్యూరెట్, కాస్త సల్ఫ్యూరిక్ ఆమ్లం.

61వ రోజున తెట్టు తీసే మోటారు కాలిపోయింది. సెలవు రోజులు కావడంతో ఎవరూ చూడలేదు. నిష్పత్తి మూడు రోజుల్లో 0.27 నుంచి 0.46కు ఎక్కింది. ఫోన్ వచ్చిన రాత్రి నాకు నిద్ర లేదు, మూడోసారి కూడా పోతే ఆ యజమాని మళ్లీ జీవశుద్ధి వైపు చూడడు. సగానికి తగ్గించమనే నా సొంత నియమాన్ని పక్కనపెట్టి, మేత పూర్తిగా ఆపమన్నాను. ఐదు రోజులు గ్యాస్ పడిపోతూనే ఉంది. ఆరో రోజు, లోపలికి చుక్క వేయకుండానే గ్యాస్ పెరగడం మొదలైంది. సీసాలో చూసిందే 350 ఘనపు మీటర్లలో కళ్లముందు జరిగింది. తొమ్మిది రోజుల తర్వాత సగం మేతతో మళ్లీ మొదలుపెట్టాం. ఆ టెన్షన్ పడిన తొమ్మిది రోజులే ఫోర్‌మన్‌కు డైజెస్టర్ మీద నమ్మకం తెచ్చాయి. ఇప్పుడు నిష్పత్తి ఆయనే కొలుస్తాడు, నన్ను అడగకుండానే మేత తగ్గిస్తాడు.

అంకెలు

పూర్తి లోడు, పేడతో కలిపి, ఘనపు మీటరుకు 2.9 కిలోలు. పాత 3.4కు ఇది పెద్ద దూరమేమీ కాదు. లోపలికి వెళ్లే మిశ్రమం సీఓడీ లీటరుకు 66 గ్రాములు, బయటికి వచ్చేది 22. మీథేన్ రోజుకు 230 ఘనపు మీటర్ల చుట్టూ, అంటే 2,300 కిలోవాట్ గంటల వేడి. చలికాలంలో 15.5 ఘనపు మీటర్ల మేతను 12 డిగ్రీల నుంచి 36కు తేవడానికి 430 కిలోవాట్ గంటలు పోతాయి, ట్యాంకు గోడల నుంచి పోయేది ఇంకొంత. మిగిలింది మిల్లు వేడినీళ్ల బాయిలర్‌కు.

డైజెస్టర్ తర్వాత స్క్రూ ప్రెస్, చిన్న సెంట్రిఫ్యూజ్ పెట్టి గట్టి పదార్థం తీసేస్తే నీటి సీఓడీ 9 గ్రాములు. దాన్ని 120 ఘనపు మీటర్ల ఎస్‌బీఆర్‌లో, అంటే విడతల వారీగా నీళ్లు నింపి శుద్ధి చేసే ట్యాంకులో, గాలి ఇస్తూ, ఆపుతూ నడిపితే 2.6. అమోనియా నైట్రేట్‌గా మారి, గాలి ఆపిన సమయంలో చాలావరకు నత్రజని వాయువుగా పోతుంది. మొదటి నెలలో నురగ ట్యాంకు దాటి పొర్లింది, నీళ్లు చిమ్మే నాజిల్స్‌తో అదుపులోకి వచ్చింది. చివర్లో రెల్లు నాటిన కంకర మడి. అక్కడ 1.4 గ్రాములు. బీఓడీ, అంటే బ్యాక్టీరియా తినగల భాగానికి మాత్రమే కావాల్సిన ఆక్సిజన్, 40 మిల్లీగ్రాముల లోపే. ఈ రెండు అంకెల మధ్య తేడాయే మిగిలిన కథ: ఇంకా ఉన్నదాన్ని ఏ బ్యాక్టీరియా తినదు. నీరు డికాషన్ రంగులో ఉంటుంది.

ఆ రంగు కోసమైనా బూజు వాడొచ్చు కదా అని యజమాని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ట్రామెటీస్ వర్సికలర్, ముత్యపు చిప్ప పుట్టగొడుగు లాంటి తెల్లకుళ్లు జాతులు లాకేజ్ అనే ఎంజైముతో ఈ నల్లటి అణువులను నిజంగానే విరగ్గొడతాయి. కానీ వాటికి ఆమ్లగుణం ఉన్న నీరు, తినడానికి చక్కెర కావాలి. మా చివరి నీటి పీహెచ్ 8 దగ్గర, చక్కెర లేదు. డైజెస్టర్‌కు ముందు పెడితే పీహెచ్, చక్కెర రెండూ దొరుకుతాయి, కానీ గ్యాస్ కావాల్సిన చక్కెరను బూజు తినేస్తుంది, దానికి మనం గాలి కూడా ఊదాలి. చిన్న తొట్టెలో నడిపి, లెక్కలు ముందు పెట్టి, వద్దని చెప్పాను. నన్ను పిలిచిన పనే అది, అయినా ఈ మిల్లుకు అది సరైనది కాదు.

నీళ్లు ఎక్కడికి

ఈ రంగుతో నదిలోకి వదలకూడదు. అనుమతి తీసుకుని సొంత ఆలివ్ తోటకే పెడుతున్నారు. నేలకు పెట్టడం కొత్త కాదు. ఇటలీలో 1996 నాటి 574వ చట్టం శుద్ధి చేయని నల్లనీళ్లనే హెక్టారుకు ఏడాదికి, పాత ప్రెస్సు మిల్లులదైతే 50, సెంట్రిఫ్యూజ్ మిల్లులదైతే 80 ఘనపు మీటర్ల వరకు పొలంలో చల్లనిస్తుంది. అయినా శుద్ధికి ముందూ తర్వాతా తేడా ఎంతో నాకు స్వయంగా చూడాలనిపించింది. ఆలివ్ ప్రాంతంలో అందరూ వాడే క్రెస్ (త్వరగా మొలిచే ఒక ఆకుకూర) గింజల మొలక పరీక్ష పెట్టాను. పచ్చి నల్లనీళ్లు పదిరెట్లు పలచన చేసినా గింజ మొలవలేదు. చివరి నీటిలో అలాగే వేస్తే మామూలు నీటితో పోల్చి 62 శాతం, సగానికి పలచన చేస్తే 90 శాతం మొలిచాయి. అందుకే బావినీటితో సగం సగం కలిపే పెడుతున్నాం.

నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తున్నది పొటాషియం. ఏ దశలోనూ అది తగ్గదు, వచ్చినదంతా నేలకే చేరుతుంది. చెట్టుకు మంచిదే గానీ, ఏళ్ల తరబడి ఒకే మడికి పెడితే ఉప్పుదనం పెరుగుతుంది. తోటను నాలుగు భాగాలు చేసి వంతులవారీగా పెట్టిస్తున్నాను, ప్రతి వేసవిలో రెండు లోతుల్లో మట్టి తీసి ఉప్పుదనాన్ని తెలిపే విద్యుత్ వాహకత కొలిపిస్తున్నాను. రెండేళ్ల కొలతల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు, కనీసం ఐదేళ్లయినా చూడాలి.

ఇంకొకటి, ముందే ఊహించాల్సింది. కుంట అడుగున మడ్డి దిగుతోంది. ఈసారి ఖాళీ అయినప్పుడు కొలిస్తే 40 సెంటీమీటర్లు ఉంది. అంటే వచ్చే కోతకు చోటు ఆ మేరకు తక్కువ. షీటు చిరగకుండా దాన్ని తోడే పంపు కోసం ప్రస్తుతం వెతుకుతున్నాం. మొదటి డిజైన్‌లోనే అడుగును ఒక మూలకు వాలుగా పెట్టి ఉంటే ఈ పని ఒక వాల్వు తిప్పితే అయిపోయేది.